ఆస్టిన్ పోలీసులకు 28 శాతం పెంపు: ఆ డబ్బుతో నగరం ఏం కొనుక్కుంది?

మిగతావాళ్ళకు కూడా తెలియడానికి మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో ఏవరీ రాంచ్ వైపు ఇల్లు కొనుక్కున్నారు. ఆస్తి పన్ను ఏటా పెరుగుతోంది. పోలీసులకు అయిదేళ్ళలో 28 శాతం జీతం పెంచుతూ నగరం 2024లో ఒప్పందం చేసుకుందని ఈమధ్యే చదివారు. ‘మన దగ్గర పీఆర్సీ వేసి ప్రభుత్వమే తేల్చేస్తుంది కదా, ఇక్కడ పోలీసులతో బేరమాడటమేమిటి? నగరం కుదరదంటే ఏమవుతుంది? ఇందులో నాలాంటివాడి మాటకు చోటుందా?’ అని అడిగారు.

నేను ఆస్టిన్ నగరానికి పనిచేయలేదు. టెక్సాస్‌లోనే మరో నగరం బడ్జెట్ విభాగంలో పదిహేనేళ్ళకు పైగా ఉన్నాను. పోలీసు, అగ్నిమాపక సంఘాలతో జరిగిన నాలుగు విడతల చర్చల్లో నగరం వైపు కుర్చీలో కూర్చున్నాను. చివరి కుర్చీ అనుకోండి. మాట్లాడేది లాయరు, లెక్క చూసేది నేను. ‘ఒక శాతం పెంచితే ఎంతవుతుంది?’ అని ఎవరడిగినా పది నిమిషాల్లో చెప్పడమే నా ఉద్యోగం. కాబట్టి నేను బల్లకు ఒక వైపు నుంచి చూసినవాణ్ణి. అవతలి వైపు కూర్చున్నవాళ్ళు ఇదే కథ ఇంకోలా చెబుతారు.

పీఆర్సీతో పోలిక దగ్గర మొదలుపెడదాం. మన రాజ్యాంగం 33వ అధికరణం పోలీసు బలగాల ప్రాథమిక హక్కులను కుదించే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. దాని ఆధారంగా 1966లో వచ్చిన చట్టం, అనుమతి లేకుండా పోలీసులు కార్మిక సంఘాల్లో చేరకూడదంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసు అధికారుల సంఘాలున్నాయి కానీ, అవి వినతిపత్రం ఇవ్వగలవు, సంక్షేమం గురించి మాట్లాడగలవు. ఇరుపక్షాలూ సంతకం పెట్టే ఒప్పందమంటూ ఉండదు. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రత్యేక పోలీసు కానిస్టేబుళ్ళ విషయంలో ఏం జరిగిందో గుర్తుండే ఉంటుంది. ముందు వాళ్ళ భార్యలు రోడ్డెక్కారు. తరువాత కానిస్టేబుళ్ళే బెటాలియన్లలో నిరసనకు దిగారు. 39 మంది సస్పెండయ్యారు, 10 మంది ఉద్యోగాలు పోయాయి. భార్యలే ఎందుకు ముందుకు రావలసి వచ్చిందో మనవాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు.

అమెరికాలోనూ ఒకప్పుడు పరిస్థితి ఇలాగే ఉండేది. 1919 సెప్టెంబరులో బోస్టన్ పోలీసులు సంఘం పెట్టుకునే హక్కు కోసం సమ్మెకు దిగారు. బలగంలో దాదాపు ముప్పాతిక వంతు, అంటే వెయ్యి మందికి పైగా, విధులకు రాలేదు. వాళ్ళలో ఎవరినీ మళ్ళీ పనిలోకి తీసుకోలేదు. ప్రజల భద్రతకు వ్యతిరేకంగా సమ్మె చేసే హక్కు ఎవరికీ లేదని తేల్చిచెప్పిన గవర్నరు కాల్విన్ కూలిడ్జ్‌కు దేశమంతా పేరొచ్చింది. మరుసటి ఏడాది ఆయన ఉపాధ్యక్ష అభ్యర్థి, ఆ తరువాత అధ్యక్షుడు. ఆ దెబ్బకు పోలీసు సంఘాలు నలభై ఏళ్ళు తలెత్తలేదు. 1935లో ప్రైవేటు కార్మికులకు బేరమాడే హక్కునిచ్చిన కేంద్ర చట్టం ప్రభుత్వ ఉద్యోగులను బయటే ఉంచింది. 1960లు, 70ల్లో ఒక్కొక్క రాష్ట్రం తన చట్టం తాను చేసుకుంటూ వచ్చింది. అందుకే ఈ దేశంలో పోలీసు ఒప్పందాల గురించి అన్ని రాష్ట్రాలకూ కలిపి ఒక్క మాట చెప్పబోతే తప్పులో కాలేసినట్టే. ఇల్లినాయిలో, న్యూయార్కులో చర్చలు తెగకపోతే మధ్యవర్తి వచ్చి జీతమెంతో తేలుస్తాడు. ఆయన మాట ఇద్దరూ వినాల్సిందే. న్యూయార్కు పోలీసుల పాత ఒప్పందం 2017లో ముగిస్తే కొత్తది 2023లో గానీ కుదరలేదు. ఎనిమిదేళ్ళ ఒప్పందం అది, అందులో ఆరేళ్ళు అప్పటికే గడిచిపోయాయి.

టెక్సాస్ దారి వేరు. ఇక్కడ సాధారణ చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగులతో ఉమ్మడి బేరం నిషిద్ధం. సమ్మె అసలే కుదరదు. పోలీసులకు, అగ్నిమాపక సిబ్బందికి మాత్రం మినహాయింపుగా రెండు ద్వారాలు తెరిచారు. ఒకటి 1973 నాటి చట్టం. నగర ఓటర్లు ఎన్నికలో ఆమోదిస్తేనే అమలవుతుంది. శాన్ ఆంటోనియో ఈ దారిలో ఉంది. అక్కడ 2021 మేలో పోలీసులకు ఈ హక్కు తీసేయాలని ఓటింగు పెడితే, చాలా స్వల్ప తేడాతో నిలిచింది. రెండోది ఆస్టిన్ దారి. దీన్ని ‘మీట్ అండ్ కన్ఫర్’ అంటారు. కలిసి కూర్చుని మాట్లాడుకోవడం అన్నంతే దాని అర్థం. ఒప్పందానికి రావాలన్న నిర్బంధం ఎవరికీ లేదు. కుదరకపోతే తేల్చడానికి మధ్యవర్తీ లేడు. లేచి ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోవచ్చు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న: నగరం కుదరదంటే ఏమవుతుంది? చర్చ మొత్తానికి ఇదే ఆయువుపట్టు. పత్రికలు శాతాల దగ్గరే ఆగిపోతాయి కాబట్టి చాలామంది దీని జోలికి రారు.

ఒప్పందం లేని రోజున పోలీసుల ఉద్యోగాలు పోవు, జీతాలు ఆగవు. రాష్ట్ర చట్టంలో 143వ అధ్యాయమని ఒకటుంది, పోలీసుల సివిల్ సర్వీసు నియమాలవి. ఒప్పందం గడువు తీరగానే వాళ్ళంతా ఆ నియమాల గొడుగు కిందికి వెళతారు. ఆ గొడుగు గట్టిది. పదోన్నతి ప్రధానంగా రాతపరీక్ష మార్కులకు సర్వీసు మార్కులు కలిపి వస్తుంది. జాబితాలో పైనున్నవాణ్ణి కాదని కిందివాణ్ణి ఎంచుకోవాలంటే పోలీసు చీఫ్ కారణం రాసి చూపాలి. తప్పు చేసిన అధికారిని చీఫ్ తనంతట తాను 15 రోజులకు మించి సస్పెండ్ చేయలేడు. ఆ పైన ఉన్నది శాశ్వత తొలగింపే. అధికారి ఒప్పుకుంటే తప్ప ఆ రెంటికీ నడిమి శిక్ష లేదు. నేరం కాని తప్పయితే, జరిగి 180 రోజులు దాటాక సాధారణంగా శిక్షించే వీలే పోతుంది. శిక్షించినా, అధికారి బయటి విచారణాధికారి దగ్గరికి అప్పీలుకు వెళ్ళవచ్చు. ఆయన తీర్పుకు నగరం కట్టుబడాలి. వీటన్నిటికీ తోడు ‘జీ ఫైలు’ అని ఒకటుంది. 143వ అధ్యాయంలోని ఒక ఉపవిభాగం అక్షరమే దానికి పేరైంది. శిక్ష దాకా వెళ్ళని ఫిర్యాదులు, వాటి విచారణ కాగితాలు ఆ ఫైల్లోకి చేరతాయి. దాన్ని పోలీసు శాఖ బయటపెట్టకూడదు. పౌరుల తరఫున నియమించిన పర్యవేక్షకులకైనా సరే.

ఈ నియమాల్లో దేన్నయినా నగరం సడలించుకోవాలంటే దారి ఒక్కటే. సంఘం ఒప్పుకుని సంతకం పెట్టాలి. అప్పుడు ఆ విషయంలో రాష్ట్ర చట్టం పక్కకు తప్పుకుని ఒప్పందం నడుస్తుంది. అంటే, జీతం పెంచకపోతే పోలీసులు ఏదో చేస్తారన్న భయంతో నగరం బల్ల దగ్గర కూర్చోదు. రాష్ట్ర చట్టం తనకివ్వని అధికారాలను సంఘం దగ్గర కొనుక్కోవడానికి కూర్చుంటుంది. జీతం ఆ కొనుగోలుకు చెల్లించే సొమ్ము. సంఘం అమ్మే సరుకు: పరీక్ష మార్కులతో పాటు ఇతర అంచనాలతో పదోన్నతి ఇచ్చే వీలు, పౌర పర్యవేక్షణ, ఫిర్యాదుల ఫైళ్ళు చూసే హక్కు, శిక్ష గడువులో సడలింపు. ఇది అర్థమైతే ఆస్టిన్‌లో 2017 నుంచి జరిగినదంతా అర్థమవుతుంది.

2017 డిసెంబరు 13న ఓటర్లు ఎన్నుకున్న నగర కౌన్సిల్ ముందుకు అయిదేళ్ళ ఒప్పందం వచ్చింది. విలువ సుమారు 8.25 కోట్ల డాలర్లు. నగర పాలన నడపడానికి కౌన్సిల్ నియమించే సిటీ మేనేజరు బృందం, పోలీసు సంఘం అప్పటికే ఒప్పుకున్నాయి. ఇక కౌన్సిల్ చేయి ఎత్తడమే మిగిలిందనుకున్నారు. ఆ రోజు పౌరులు వరుసగా వచ్చి గంటల తరబడి మాట్లాడారు. ఇంత డబ్బుకు పర్యవేక్షణ విషయంలో దక్కుతున్నదేమిటని నిలదీశారు. కౌన్సిల్ ఏకగ్రీవంగా ఒప్పందాన్ని వెనక్కి పంపింది. నాకు తెలిసిన కార్మిక సంబంధాల లాయర్లంతా ఆ రాత్రి ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు. పెద్ద నగరంలో ఇలా జరగడం అరుదు. నెల తిరక్కుండా పాత ఒప్పందం గడువు తీరింది. పోలీసులకు ఒప్పందం ద్వారా వచ్చే ప్రత్యేక భత్యాలు ఆగాయి. అటు పౌర పర్యవేక్షణ కార్యాలయం చేతులూ చాలావరకు కట్టేసినట్టయింది, ఎందుకంటే ఆ అధికారాలకు ఆధారం ఒప్పందమే. ఇద్దరికీ నొప్పి తెలిసింది. 2018 నవంబరులో నాలుగేళ్ళ కొత్త ఒప్పందం వచ్చింది. విలువ సుమారు 4.4 కోట్లు. పర్యవేక్షణకు కొత్త కార్యాలయం ఏర్పడింది, ఆకాశరామన్న ఫిర్యాదులూ తీసుకోవచ్చన్నారు, 180 రోజుల లెక్క కూడా నగరానికి కాస్త అనుకూలంగా మారింది.

ఏడాదికి లెక్క వేయండి. తిరస్కరించినది సగటున ఏటా 1.65 కోట్లు. ఒప్పుకున్నది ఏటా 1.1 కోట్లు. తక్కువ డబ్బుకు ఎక్కువ సరుకు. ‘గట్టిగా నిలబడితే సంఘం దిగివస్తుంది’ అని అందరూ అనుకోవడానికి ఇది చాలు. 2023లో కౌన్సిల్ అదే మంత్రం మళ్ళీ జపించింది. ఈసారి పారలేదు.

ఎందుకో చెప్పేముందు, మధ్యలో జరిగినవి రెండు ముక్కల్లో. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తరువాత ఆస్టిన్ కౌన్సిల్ పోలీసు బడ్జెట్‌లో దాదాపు మూడో వంతును తగ్గించడమో వేరే శాఖల కిందికి మార్చడమో చేస్తామని ప్రకటించింది. వెంటనే కోసినది దానిలో చిన్న భాగమే అయినా, రాష్ట్ర ప్రభుత్వానికి కావలసిన సాకు దొరికింది. 2021లో శాసనసభ చట్టం చేసింది: రెండున్నర లక్షలకు మించి జనాభా ఉన్న నగరం పోలీసు బడ్జెట్ తగ్గిస్తే ఆస్తి పన్ను ఆదాయం మీద ఆంక్షలు పడతాయి. అంటే ఈ పద్దును పెంచడానికే గానీ తగ్గించడానికి దారి లేదు. ఇక అదే ఏడాది చివర, 2018లో అంత కష్టపడి సంపాదించుకున్న పర్యవేక్షణ కార్యాలయం తన హద్దు దాటి సొంతంగా విచారణలు చేస్తోందని సంఘం అభ్యంతరం పెడితే, కుదిరిన ఒప్పందం అర్థం మీద తగవులు తేల్చే మధ్యవర్తి సంఘం వైపే తీర్పిచ్చాడు. ఒప్పందంలో ‘సమీక్షించవచ్చు’ అన్న మాటకూ ‘విచారించవచ్చు’ అన్న మాటకూ ఎంత దూరమో అప్పుడు చాలామందికి తెలిసింది.

2023 ఫిబ్రవరి. సిటీ మేనేజరు స్పెన్సర్ క్రాంక్ నాలుగేళ్ళ ఒప్పందం కుదిరిందని ప్రకటించారు. మరోవైపు పోలీసు పర్యవేక్షణను బలపరిచే ప్రతిపాదన మే ఎన్నికలో ఓటర్ల ముందుకు రాబోతోంది. ఓటర్లు మాట చెప్పకముందే నాలుగేళ్ళకు కట్టుబడటమేమిటని కౌన్సిల్ అంది. పాతదాన్నే ఏడాది పొడిగిద్దామంది. సంఘం ససేమిరా అంది. అదే నెల మొదట్లో మంచు తుపానుకు ఊరు రోజుల తరబడి చీకట్లో ఉండటం, దాని మీద ఈ ఒప్పందం గొడవ, రెండూ కలిసి క్రాంక్ ఉద్యోగం పోయింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంటుంది సిటీ మేనేజరు బతుకు. బల్ల దగ్గర ఆయన మనుషులు కూర్చోవాలి, కౌన్సిల్ మనసులో ఏముందో ఊహించాలి, ఊహ తప్పితే తానే వెళ్ళిపోవాలి. మార్చి 31న ఒప్పందం గడువు తీరింది. పోలీసులు వలసపోకుండా జీతభత్యాలను కౌన్సిల్ ఆర్డినెన్సు, అంటే నగర స్థానిక చట్టం, ద్వారా కొనసాగించింది.

ఇక్కడే కౌన్సిల్ తప్పు చేసిందని నా అభిప్రాయం. కొందరు మిత్రులు ఒప్పుకోరు. జీతభత్యాలు కొనసాగించడం మానవత్వం, వివేకం కూడా కావచ్చు. కానీ బేరం సంగతి చూడండి. డబ్బు అటు ఇచ్చేశారు. ఒప్పందం లేదు కాబట్టి ఇటు రావలసిన అధికారాలు రాలేదు. 2017లో నొప్పి ఇద్దరికీ ఉంది. 2023లో ఎక్కువ నొప్పి నగరానిది. పదవీ విరమణకు అర్హత ఉన్న అధికారులు పదుల సంఖ్యలో గడువు తీరేలోపే కాగితాలు పెట్టుకున్నారు. సుమారు 1,800 మంజూరైన పోస్టుల్లో ఖాళీలు 300 దాటాయి. అదే వసంతంలో వీధుల్లో గస్తీకి రాష్ట్ర పోలీసులను పిలిపించుకోవలసి వచ్చింది. బేరంలో ఎవరి చెయ్యి పైనుందో లాయరు వాదనను బట్టి తెలియదు. ఖాళీల పట్టిక చూస్తే తెలుస్తుంది. నేను ఏ చర్చకు వెళ్ళినా ముందు రోజు రాత్రి చూసుకునే కాగితం అదే.

మేలో ఓటర్లు పర్యవేక్షణ ప్రతిపాదనను భారీ మెజారిటీతో ఆమోదించారు. దాదాపు అదే పేరుతో, పోలీసు సంఘం మద్దతుతో, పక్కనే నిలబడిన రెండో ప్రతిపాదనను అంతే గట్టిగా తిప్పికొట్టారు. ఒకే బ్యాలెట్ మీద ఒకే పేరున్న రెండు చట్టాలు పెడితే జనం తికమకపడతారనుకున్నవాళ్ళకు ఆస్టిన్ ఓటరు మంచి పాఠమే చెప్పాడు. కొత్త చట్టం ప్రకారం నగరం జీ ఫైలు వాడకూడదు. రాష్ట్ర చట్టం అడ్డొస్తోందని నగరం నాన్చింది. ప్రతిపాదన తెచ్చిన ఈక్విటీ యాక్షన్ సంస్థ కోర్టుకెక్కింది. 2024 ఆగస్టు చివర్లో న్యాయమూర్తి, ఓటర్లు చేసిన చట్టాన్ని అమలు చేయాల్సిందేనని తీర్పిచ్చారు. ఆ తీర్పు చేతికి రావడంతో బేరం రూపం మారింది. జీ ఫైలు లేని ఒప్పందం మీద తప్ప నగరం సంతకం పెట్టలేని పరిస్థితి. అది లేని ఒప్పందం మీద సంతకం పెట్టాలంటే సంఘానికి తగిన మూల్యం దక్కాలి.

ఆ మూల్యమే మీరు చదివిన 28 శాతం. 2024 అక్టోబరులో కౌన్సిల్ ఆమోదించింది. అయిదేళ్ళకు 21.8 కోట్ల డాలర్లు. మొదటి ఏడాది 8, తరువాత నాలుగేళ్ళూ అయిదేసి శాతం. కూడితే 28. కానీ జీతం కూడికతో పెరగదు, చక్రవడ్డీలా పెరుగుతుంది. 80 వేల డాలర్ల మూల వేతనం ఉన్న అధికారి చివరి ఏడాదికి లక్షా అయిదు వేలు దాటతాడు. అంటే 31 శాతం పైమాట. పత్రికలు 28 అనే రాస్తాయి, సంఘం 28 అనే చెబుతుంది, నగరమూ 28 అనే అంటుంది, ఎవరిదీ అబద్ధం కాదు. ఓవర్‌టైముకు, పింఛనుకు కూడా మూల వేతనమే పునాది కనుక అవీ దాని వెంటే నడుస్తాయి. ఇంకొక లెక్క: 21.8 కోట్లను అయిదుతో భాగిస్తే ఏడాదికి 4.36 కోట్లు. 2018లో నాలుగేళ్ళకు కలిపి ఒప్పుకున్నది 4.4 కోట్లు. మధ్యలో ధరలు పెరిగాయి, అన్ని నగరాలూ పోలీసుల కోసం పోటీపడుతున్నాయి, నిజమే. అవన్నీ తీసేసినా, ఆలస్యానికి కూడా ఇందులో కొంత ధర పడిందని నేను నమ్ముతాను.

ఇంతకీ అది దండగా? నేనైతే అనను. జీ ఫైలు పక్కకు పోవడం చిన్న విషయం కాదు. తేలిగ్గా కదిలే రాయి కాదది. నన్ను కలవరపెట్టేది వేరే. 2019లో రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం, కొత్త కట్టడాలను మినహాయిస్తే, నగరం నిర్వహణ ఖర్చుల కోసం వసూలు చేసే ఆస్తి పన్ను ఆదాయం ఏటా 3.5 శాతానికి మించి పెరగాలంటే ఓటర్ల అనుమతి కావాలి. ఆదాయానికి 3.5 శాతం కప్పు, పెద్ద పద్దుల్లో ఒకటైన పోలీసు జీతాలకు ఏటా 5 శాతం పెంపు. తేడా ఎక్కడి నుంచి వస్తుంది? గ్రంథాలయాలు, పార్కులు, ఈతకొలనులు. 2025 నవంబరులో ఆ కప్పు దాటడానికి నగరం ఓటర్ల అనుమతి అడిగింది. ఓటర్లు వద్దన్నారు. వద్దన్నాక కోత పోలీసు ఒప్పందానికి పడదు, అది సంతకాలైన కాగితం. ఒప్పందం లేని పద్దులకే పడుతుంది.

శాతాలకు ఇంత చోటిచ్చాను కానీ, చర్చల్లో నా కాళ్ళు విరిగింది ఎప్పుడూ శాతాల దగ్గర కాదు. ఒకసారి మా నగరంలో సంఘం ఒక చిన్న కోరిక కోరింది. సెలవు రోజున సాక్ష్యానికి కోర్టుకు పిలిస్తే కనీసం రెండు గంటల ఓవర్‌టైము ఇచ్చేవాళ్ళం, దాన్ని మూడు చేయమన్నారు. అప్పటికి రాత్రి పదకొండు దాటింది, అందరికీ ఇంటికి వెళ్ళాలనుంది. నేను గత ఏడాది సమన్ల లెక్క తీసి, పెద్ద ఖర్చేమీ కాదని చెప్పాను. ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది ట్రాఫిక్ కేసుల విచారణలను కోర్టు వారంలో ఒక్క రోజుకు బదులు మూడు రోజులకు పంచింది. ఒకే అధికారి ఒకే వారంలో మూడుసార్లు వచ్చి, పావుగంట నిలబడి, మూడేసి గంటలు రాసుకున్నాడు. తప్పు అతనిది కాదు, కాగితం అలా ఉంది. ఏడాది చివర మా డైరెక్టరు ఆ పద్దు ప్రింటు తీసి నా బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది. అప్పటి నుంచి రాత్రి పది తరువాత ఏ కోరికకూ ధర చెప్పనని నియమం పెట్టుకున్నాను.

ఇలాంటి చిన్న వాక్యం పెద్ద స్థాయిలో ఏం చేస్తుందో చూడాలంటే శాన్ ఆంటోనియో వెళ్ళాలి. అక్కడ 2014లో గడువు తీరిన పోలీసు ఒప్పందంలో ఒక షరతుంది. కొత్తది కుదరకపోతే పాతదే మరో పదేళ్ళ దాకా నడుస్తుంది. ఎప్పటికీ వాడిపోని చెట్టు పేరుతో దాన్ని ‘ఎవర్‌గ్రీన్’ అంటారు. పాత ఒప్పందంలో పోలీసులు ఆరోగ్య బీమాకు నెలసరి వాటా కట్టనక్కరలేదు. బీమా ఖర్చు పెరిగిపోతోందని నగరం మొత్తుకుంది. కానీ ఆ షరతు ఉన్నంత కాలం సంఘానికి తొందరేముంది? నగరం కోర్టుకు వెళ్ళింది, కోర్టులు సంఘం పక్షమే నిలిచాయి. 2016లో కొత్త ఒప్పందం వచ్చేదాకా ఆ రథం పాత చక్రాల మీదే నడిచింది. గడువు తీరాక ఏమవుతుందో చెప్పే వాక్యం జీతాల పట్టిక కన్నా ఖరీదైనది. ఏ ఒప్పందం చేతికి వచ్చినా నేను ముందు చివరి పేజీలు తిప్పేది అందుకే.

సంఘం వైపు వాదనను కూడా న్యాయంగా చెప్పాలి. రాజకీయ గాలి మారినప్పుడల్లా చీఫ్ మీద ఒత్తిడి వస్తుంది, ఆ ఒత్తిడి కింది అధికారి మెడకు చుట్టుకుంటుంది. బయటి విచారణాధికారి, గడువులు, రుజువు కాని ఫిర్యాదుల గోప్యత ఉండేది అందుకేనని వాళ్ళంటారు. రుజువు కాని ఆరోపణ జీవితాంతం పేరు పక్కన ఉండటం ఏ ఉద్యోగికీ న్యాయం కాదన్నది కొట్టిపారేసే మాట కాదు. నాకు అభ్యంతరమల్లా, ఆ రక్షణలను ఒకసారి రాష్ట్ర చట్టంలో పొంది, వాటిలో ఒక్కొక్కటీ సడలించడానికి స్థానిక పన్ను చెల్లింపుదారు దగ్గర మళ్ళీ ధర తీసుకోవడం. కానీ అది సంఘం తప్పా, చట్టం అలా రాసిన శాసనసభ తప్పా అంటే, శాసనసభదే అంటాను. అమ్ముకోగలిగిన సరుకు చేతిలో ఉంటే ఎవరైనా అమ్ముతారు.

మీ మూడో ప్రశ్న. మీ మాటకు చోటుంది, అయితే అందరూ చూసే చోట కాదు. ఆస్టిన్‌లో ఈ చర్చలు బహిరంగంగానే జరుగుతాయి. ఎవరైనా వెళ్ళి వెనక కుర్చీలో కూర్చోవచ్చు. లోపల మాట్లాడనివ్వరు, వినవచ్చు. కుదిరిన ఒప్పందాన్ని సంఘం సభ్యులు ఓటు వేసి ఆమోదించాలి, తరువాత కౌన్సిల్ ఓటు వేయాలి. కౌన్సిల్ ఓటు రోజున కొద్ది నిమిషాలు మైకు దొరుకుతుంది, అప్పటికి చాలావరకు ఆలస్యమైపోతుంది. 2017 లాంటి రోజు పదేళ్ళకోసారి వస్తే గొప్ప. అసలు సమయం చర్చలు మొదలవకముందు, సిటీ మేనేజరుకు కౌన్సిల్ దిశానిర్దేశం చేసేటప్పుడు. ఇప్పటి ఒప్పందం 2029 సెప్టెంబరు చివర ముగుస్తుంది కాబట్టి 2028లో మీ వార్డు కౌన్సిల్ సభ్యుడి కార్యాలయానికి ఒక ఉత్తరం రాయండి. ‘పోలీసులకు ఎంత పెంచుతారు?’ అని అడగవద్దు. దానికి వాళ్ళ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. ‘ఈసారి 143వ అధ్యాయంలోని ఏ నియమం నుంచి మనకు మినహాయింపు కావాలి? ఇప్పుడున్న మినహాయింపుల్లో ఏవి పోయే ప్రమాదముంది? గడువు తీరితే ఏ నిబంధనలు నిలుస్తాయి?’ అని అడగండి. అలాంటి ఉత్తరం ఒక్కటి వచ్చినా మా కార్యాలయంలో అందరికీ ప్రతులు తీసి పంచేవాళ్ళం. అంత అరుదుగా వస్తాయి.

పన్ను సంగతి చివరికి వదిలేశాను. ఏవరీ రాంచ్ ఆస్టిన్ నగర పరిధిలో ఉంది, కౌంటీ మాత్రం విలియమ్సన్. కనుక ఈ ఒప్పందానికి మీరు కడుతున్నారు. పక్కనే సీడర్ పార్కులోనో లియాండర్‌లోనో ఇల్లున్న మీ స్నేహితులు పైసా కట్టరు. వాళ్ళ నగరాలకు వాళ్ళ పోలీసులున్నారు. బిల్లు తీసి వరుసలు చూడండి. అన్నిటికన్నా పెద్ద అంకె బడి జిల్లాది, అంటే స్థానిక బడులను నడిపే సంస్థది. ఆస్టిన్ నగరం వరుస దాని తరువాతే. పోలీసు ఖర్చు ఆ నగరం వరుసలో ఒక భాగం. ఇంటి మదింపు విలువ మీద అభ్యంతరం పెట్టడానికి సాధారణంగా మే 15 దాకా గడువుంటుంది. నాలుగేళ్ళలో ఒక్కసారీ పెట్టలేదని మీ ప్రశ్న చివర్లో రాశారు. ఈ ఏడాది పెట్టండి.